డిమెన్షియాలో ఆకస్మిక ప్రవర్తన మార్పు
డిమెన్షియా సాధారణంగా ఏళ్ల మీద ముదురుతుంది. నిన్నటిదాకా నెమ్మదిగా ఉన్న భర్త ఇవాళ భార్యను గుర్తుపట్టక తిట్టినా, రాత్రంతా గడియ తీయబోయినా, పిలిస్తే పలకక మగతగా పడి ఉన్నా అది చాలాసార్లు డెలీరియం, అంటే ఒంట్లోని ఏదో ఇబ్బంది వల్ల హఠాత్తుగా వచ్చే మతి తికమక. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, చెప్పుకోలేని నొప్పి, కొత్త నిద్రమాత్ర మామూలు కారణాలు. పాలమూరు ప్రాంతంలోని మక్తల్ ఎండల్లో నీళ్లు అడగడం మరిచిన మనిషికి ఒంట్లో నీరు తగ్గీ రావచ్చు. పిల్లలు ముంబయి, పుణెలకు వలసపోయిన పాలమూరు ఇళ్లలో ఈ తేడాను ముందు కనిపెట్టేది జీవిత భాగస్వామే. వాళ్లు చెప్పే మాటను వైద్యులు తేలిగ్గా తీసుకోకూడదు. గాలి సోకిందనో మొండితనమనో అనుకోక, వాడే మందులన్నీ పట్టుకుని అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మూతి వంకరపోయినా, మాట పడిపోయినా అది పక్షవాతం కావచ్చు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. వృద్ధుల సహాయవాణి నంబరు 14567.