నామమా, క్రియా? ఇంగ్లీషులో రాలిపోయిన ప్రత్యయాల కథ

తెలుగు మాధ్యమంలో చదువుకున్నవారికి ఇంగ్లీషు వ్యాకరణంలో ఎదురయ్యే తొలి చిక్కుల్లో ఒకటి పదాల వర్గీకరణ. ‘ఆన్సర్’ నామవాచకమా, క్రియా? వాక్యం చూపకుండా అడిగితే ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఎందుకు లేదో తెలియాలంటే వెయ్యేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

పదో శతాబ్దపు ఇంగ్లీషులో ఈ చిక్కు ఇంతగా లేదు. ప్రేమ ‘లువు’, ప్రేమించడం ‘లువియన్’. జవాబు ‘అండ్‌స్వరు’, జవాబివ్వడం ‘అండ్‌స్వరియన్’. మన ‘ప్రేమ’, ‘ప్రేమించు’లలో లాగే పదాంతం చూస్తే సంగతి తెలిసేది. ఈ ఒక్క విషయంలో ఆనాటి ఇంగ్లీషు నేటి ఇంగ్లీషుకన్నా తెలుగుకే దగ్గర.

ఆ ప్రత్యయాలు ఒక్కసారిగా పోలేదు. ఊనిక పదాదిన బలంగా ఉండడంతో చివరి అచ్చులు క్రమంగా నీరసించాయి. ఉత్తర ఇంగ్లండులో స్థిరపడిన స్కాండినేవియన్ల భాషతో సాంగత్యం ఈ మార్పును వేగిరపరిచిందని పలువురు భాషాచరిత్రకారుల అభిప్రాయం. 1066లో నార్మన్లు గెలిచాక పాలన లాటిన్, ఫ్రెంచి భాషల్లోకి మారి, పాత రాత సంప్రదాయం పట్టు సడలింది. ‘అన్’ ‘ఎన్’గా, ‘ఎన్’ వట్టి ‘ఎ’గా మారాయి, పదిహేనో శతాబ్దం ముగిసేసరికి ఆ ‘ఎ’ కూడా వినపడకుండా పోయింది. నామమూ క్రియా రెండూ ‘లవ్’గానే మిగిలాయి. ప్రత్యయం చేసిన పని వాక్యంలో పదమున్న స్థానానికి సంక్రమించింది.

రాలిన ప్రత్యయం కొన్నిచోట్ల గుర్తు వదిలింది. రెండు అచ్చుల నడుమ చిక్కిన హల్లు నాదం పొందేది. అచ్చు పోయినా ఆ నాదం నిలిచింది. ఇల్లు ‘హౌస్’ అయితే, ఇల్లు చూపే క్రియ ‘హౌజ్’ కావడానికి కారణమిదే. లిపిలో రెంటికీ భేదం లేదు.

తరువాత ఊనిక మరో దారి చూపింది. 1570లో పీటర్ లెవిన్స్ వెలువరించిన పదకోశంలో ఊనికతో విడివడే జంటలు మూడే: ‘ఔట్‌లా’, ‘రెబెల్’, ‘రికార్డ్’. నామానికి ఊనిక ముందు, క్రియకు వెనుక. 1755 నాటి నిఘంటువులో శామ్యూల్ జాన్సన్ దీన్ని సూత్రంగా చెప్పి, అపవాదాలు చాలా ఉన్నాయని కూడా హెచ్చరించాడు. పదాన్ని ఊనికతో వేరుచేయని తెలుగువారి చెవికి ఈ గుర్తు సులభంగా అందదు.

నామాలను క్రియలుగా వాడడం ఇంగ్లీషువారికే అందరికీ రుచించలేదు. 1789లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ నోవా వెబ్‌స్టర్‌కు రాసిన లేఖలో ‘నోటీస్’, ‘అడ్వొకేట్’, ‘ప్రోగ్రెస్’ క్రియలుగా చెలామణి కావడాన్ని నిరసించాడు. ఆ మూడూ నేడు నిక్షేపంగా క్రియలే.

మన భాష ఇంగ్లీషు పదాన్ని మరో రీతిలో స్వీకరిస్తుంది. ‘అడ్మిట్ చేశారు’, ‘డిశ్చార్జి చేశారు’ అంటాం. ఇంగ్లీషులో ‘అడ్మిట్’ క్రియ. ‘డిశ్చార్జి’ రెండూ అవుతుంది. తెలుగులో క్రియాభారం ‘చేయు’ మోస్తుంది గనుక ఆ తేడా మాసిపోతుంది. మాటల్లో దీనివల్ల నష్టమేమీ లేదు.

ఆసుపత్రి రాతలో మాత్రం ఉంది. అక్కడ వాక్యాలను కుదించి రాస్తారు. ‘చేంజ్ డోస్’ అంటే మోతాదు మార్చమని ఆజ్ఞ. ‘డోస్ చేంజ్’ అంటే మోతాదులో మార్పు; జరిగిపోయిందని కూడా చదువుకోవచ్చు. ‘డోస్ చేంజ్ చెయ్యండి’ అనే తెలుగు క్రమం మనసులో ఉన్నవారి కలం నుంచి ఆజ్ఞ కూడా రెండో రూపంలోనే వెలువడే ప్రమాదముంది. అది చదివిన నర్సు పని అయిపోయిందనుకుంటే మందు పాత మోతాదులోనే అందుతుంది.

కనుక ఇంగ్లీషు పదాన్ని విడిగా పట్టుకుని జాతి అడగడం వృథా ప్రయాస. దాని ముందు ‘ది’, ‘ఎ’, ‘మై’ వంటివి నిలిచాయా, ‘టు’, ‘విల్’, ‘కెన్’ వంటివి నిలిచాయా, వెనుక కర్మ వచ్చిందా అని చూడాలి. తెలుగు మాధ్యమపు విద్యార్థి పదాంతం వైపు చూడడం మందబుద్ధి కాదు. ఒకప్పుడు ఇంగ్లీషులోనూ జవాబు దొరికిన చోటు అదే.