గాజు గుండుకు వయసు కట్టటం

డిసెంబరు నెల వచ్చేసరికి హారిస్ పార్కులో ఎండ మాడు పగిలేట్టు కాస్తూ ఉంటుంది. అయినా దుకాణాల అద్దాల వెనుక దూది మంచు, పచ్చని కొమ్మలు, వాటికి వేలాడే రంగురంగుల గాజు గుండ్లు దర్శనమిస్తాయి. మన పిల్లలు బడిలో చూసి వచ్చి ఇంట్లోనూ క్రిస్మస్ చెట్టు పెట్టాలంటారు. క్రైస్తవ కుటుంబాల సంగతి సరే సరి, తక్కిన ఇళ్ళలో కూడా ఆ చెట్టు చేరి, జనవరిలో దాని గుండ్లు రెండో మూడో సంక్రాంతి బొమ్మల కొలువులోకి మారటం కద్దు. వారాంతపు సంతలలోను, ధర్మసంస్థలవారి పాత సామాన్ల అంగళ్ళలోను ఇటువంటివి అట్టపెట్టెలతో సహా దొరుకుతాయి. అమ్మేవారు ఇవి విక్టోరియా రాణి నాటివంటారు. ఆ మాట నమ్మవచ్చునా? నమ్మకపోతే వయసు ఎట్లా కట్టాలి? ఈ సంగతి కొంచెం ముచ్చటించదలచాము.

వైద్యవృత్తిలో ఉన్నవారము గనుక మాకు అలవాటైన పద్ధతి ఒకటున్నది. ముందు పూర్వచరిత్ర అడగటం, తర్వాత కంటితో చూడటం, ఆపైన చేతితో పరీక్షించటం, అన్నీ కలిపి చూసుకొని అప్పుడు నిర్ణయం చెప్పటం. ఒక్క లక్షణం చూసి జబ్బు పేరు చెప్పేవాడు వైద్యుడు కాడు. గాజు గుండు విషయంలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది.

ముందు పూర్వచరిత్ర. జర్మనీలోని తురింగియా కొండలలో లౌషా అనే ఊరున్నది. 1597 లో అక్కడ హాన్స్ గ్రైనర్, క్రిస్టోఫ్ ముల్లర్ అనే ఇద్దరు గాజు కొలిమి పెట్టారు. గ్లాసులు, పూసలు, బొమ్మల కళ్ళు చేసుకుంటూ ఆ ఊరు బతికింది. క్రిస్మస్ చెట్టుకు కట్టే గాజు గుండ్ల ప్రస్తావన అక్కడి ఆర్డర్ల పుస్తకంలో 1848 లో కనిపిస్తుంది. విండ్సర్ కోటలో విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలుచున్న బొమ్మ లండన్ సచిత్ర వారపత్రికలో అచ్చయినదీ ఆ 1848 డిసెంబరులోనే. ఆ బొమ్మతో చెట్టు పెట్టే ఆచారం ఇంగ్లీషు మధ్యతరగతి ఇళ్ళలోకి పాకింది. 1867 లో లౌషాకు గ్యాసు వచ్చింది. మంటను సన్నగానూ వేడిగానూ నిలకడగా ఉంచుకోగలగటంతో ఉల్లిపొర వంటి పలుచని గుండ్లు ఊదటం వీలయింది. ఇది కుటీర పరిశ్రమ. తండ్రి ఊదేవాడు, తల్లి లోపల పూత పోసేది, పిల్లలు మూతలు తగిలించేవారు, ఆడవాళ్ళు బుట్టలు వీపున మోసుకొని సొన్నెబెర్గ్ వర్తకులకు చేర్చేవారు. మన చీరాల, పోచంపల్లి నేతగాళ్ళ ఇళ్ళు ఎరిగినవారికి ఈ దృశ్యం వేరే వర్ణించనక్కరలేదు.

లోపలి పూత గురించి ఒక మాట. తొలినాటి బరువైన గుండ్లలో సీసం వంటి లోహాలు కరిగించి పోసి మెరుపు తెచ్చేవారు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ 1835 లో గమనించి, 1850 లలో వృద్ధిచేసిన వెండి పూత పద్ధతి తర్వాత ఈ పనిలోకి వచ్చింది. సిల్వర్ నైట్రేటు ద్రావణాన్ని లోపల పోసి, వేడినీటిలో ముంచి ఊపితే గోడకు వెండి పట్టుకొంటుంది. 1880 లలో లైప్‌జిగ్‌లో క్రెడే అనే ప్రసూతి వైద్యుడు పసికందుల కళ్ళలో వేసి అంధత్వం తప్పించిన మందు ఇదే సిల్వర్ నైట్రేటు. ఒకే సీసాలోని మందు ఒకచోట కళ్ళను కాపాడింది, మరొకచోట కళ్ళకు పండుగ చేసింది.

ఈ సరుకు ప్రపంచమంతా పాకటానికి అమెరికా వర్తకం తోడ్పడింది. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్‌లో చిల్లర సామాన్ల కొట్టు నడిపే ఎఫ్. డబ్ల్యు. వూల్‌వర్త్ 1880 లో అయిష్టంగానే కొద్ది సరుకు కొన్నాడట. అది చూస్తుండగానే అమ్ముడైపోయింది. తర్వాత సంవత్సరాలలో ఆయనే జర్మనీ వెళ్ళి కొనసాగాడు. అన్నట్టు, 1924 డిసెంబరులో సిడ్నీలో మొదలైన మన వూల్‌వర్త్స్‌కు ఆ కంపెనీతో పేరు పోలికే తప్ప చుట్టరికం లేదు.

ఇక పరీక్ష. మొదట చేతిలోకి తీసుకోండి. దళసరి గాజు, బరువు, పైన పువ్వులో ఆకులో ముద్రించిన ఇత్తడి మూత ఉంటే దానిని కూగెల్ అంటారు. జర్మన్ భాషలో గుండు అని అర్థం. ఇవి పందొమ్మిదో శతాబ్దపు సరుకు. కాని బరువు చూసి మురిసిపోకూడదు. గత కొన్ని దశాబ్దాలుగా ఇదే తీరు బరువైన గుండ్లు, ఇత్తడి మూతలతో సహా, మన భారతదేశంలోనే తయారై ఎగుమతి అవుతున్నవి. జర్మన్ ప్రాచీన వస్తువని ముచ్చటపడి కొన్నది మన ఊరి నుంచి వచ్చినదే కావచ్చును.

వస్తువు దొరికిన చోటును బట్టి వయసు కట్టటంలోనూ ప్రమాదమున్నది. జోధ్‌పూర్ కోటలో తఖత్ విలాస్ అనే గది కప్పు నుంచి రంగు గాజు గుండ్లు వరుసలుగా వేలాడుతుంటాయి. తఖత్ సింగ్ మహారాజు ఏలిన కాలం 1843 నుంచి 1873 వరకు. అంతమాత్రాన గుండ్లన్నీ ఆనాటివే అనలేము. గది వయసు వేరు, గదిలోని వస్తువు వయసు వేరు. అంతదూరం పోనక్కరలేదు, మన హారిస్ పార్కులోని రూస్ వీధికి వెళ్ళండి. అక్కడి ఎక్స్‌పెరిమెంట్ ఫారం కాటేజీకి ఆ పేరు జేమ్స్ రూస్ 1790 దశకం తొలినాళ్ళలో చేసిన ప్రయోగ సేద్యం వల్ల వచ్చింది. ఇల్లు మాత్రం రూస్ కట్టినది కాదు. 1793 లో ఆయన దగ్గర భూమి కొన్న సైనిక వైద్యుడు జాన్ హారిస్ 1830 లలో కట్టించినది. మన పేటకు పేరిచ్చినది ఈ డాక్టరుగారే. పేరుకూ కట్టడానికీ నడుమ నలభై ఏళ్ళు దాటిన ఎడం ఉన్నది.

అసలు సాక్ష్యం గుండు మూతి దగ్గర ఉంటుంది. కొక్కెం తగిలించే రేకు మూతను భూతద్దం పెట్టి చూడండి. దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలని అమెరికా 1890 చట్టంలో విధించింది. ఆస్ట్రేలియాలో సరుకు వివరాల చట్టం 1905 లో వచ్చింది. కనుక ఉత్త "జర్మనీ" అని ఉంటే సాధారణంగా 1890 ల తర్వాతిది. "చెకొస్లొవేకియా" అని ఉంటే 1918 కి ముందుది కాజాలదు, ఆ దేశమే లేదు. 1992 తో ఆ దేశం ముగిసింది. "ఆక్యుపైడ్ జపాన్" అని ఉంటే 1952 లోపు, యుద్ధానంతరపు ఆక్రమణ కాలానిది. 1945 ఏప్రిల్‌లో తురింగియాను పట్టుకొన్న అమెరికా సైన్యం జూలైలో దానిని సోవియట్ల కప్పగించింది. లౌషా గాజు పనివారు కొందరు సరిహద్దు దాటి బవేరియాలోని నాయ్‌ష్టాట్‌కు వలసపోయి మళ్ళీ కొలిమి వెలిగించుకొన్నారు. వారి తొలి సరుకు మీద "యు.ఎస్. జోన్", 1949 తర్వాత "డబ్ల్యు. జర్మనీ" అనే ముద్రలుంటాయి. ఊరిలోనే ఉండిపోయినవారి పని తూర్పు జర్మనీ ప్రభుత్వ సంస్థల కిందికి పోయింది. 1990 అక్టోబరు 3 న రెండు జర్మనీలూ ఒకటైన తర్వాత ఈ ముద్రలకు పనిలేకపోయింది. ఒకే ఊరివాళ్ళు, ఒకే విద్య, రెండు దేశాల పేర్లు. గోరంత రేకు మీద ఇంత చరిత్ర ఇమిడి ఉన్నది.

అమెరికా గుండ్ల గుర్తులు వేరు. 1939 లో మాక్స్ ఎకార్ట్ అనే వర్తకుడూ వూల్‌వర్త్ కంపెనీ కలిసి కార్నింగ్ గాజు కంపెనీని ఒప్పించి, విద్యుద్దీపపు బుడ్లు చేసే యంత్రం మీద గుండ్లు చేయించారు. "షైనీ బ్రైట్" అనేవి ఇవే. యుద్ధకాలంలో వెండి, రేకు కరువై లోపలి పూత మానివేశారు. రంగు చారలు మాత్రం పూసిన, అటునుంచి ఇటు కనిపించే గుండు, దానికి అట్టముక్క మూత ఉంటే అది 1940 ల తొలి సగానిదని దాదాపు ధైర్యంగా చెప్పవచ్చును. అయితే మూత ఊడి వచ్చే వస్తువు, ఒకదానిది మరొకదానికి తగిలించటం సులభం. పెట్టెలోని డజను గుండ్లూ ఒకే మాట చెపుతున్నవా అని చూడాలి.

పెట్టెను పారవేయకండి. ఆస్ట్రేలియాలో ఉన్నవారికి పెట్టె గొప్ప సాక్షి. ధర షిల్లింగులలో పెన్నీలలో ఉంటే 1966 ఫిబ్రవరి 14 కు ముందు అమ్మినది, ఆనాటి నుంచి డాలర్లు సెంట్లు వచ్చాయి. చిరునామాలో నాలుగంకెల పోస్టుకోడు ఉంటే 1967 తర్వాతిది. నల్ల గీతల బార్‌కోడు ఉంటే 1974 కు ముందుది కానేకాదు.

మాకు తెలిసిన ఒక తెలుగు కుటుంబంవారు వారాంతపు సంతలో నూరేళ్ళ నాటివని చెప్పగా పన్నెండు గుండ్ల పెట్టె మంచి ధర పెట్టి కొని మాకు చూపించారు. పన్నెండు మూతల మీదా "డబ్ల్యు. జర్మనీ". పెట్టె మూలన వెలిసిన చీటీ మీద మూడు షిల్లింగుల పదకొండు పెన్నీలు. అనగా 1949 కీ 1966 ఫిబ్రవరికీ నడుమ అమ్మిన సరుకు. "మోసపోయామండీ డాక్టరు గారూ" అన్నారు ఇంటాయన. డబ్బు మాటకు మా దగ్గర జవాబు లేదు. కాని ఆ తేదీలు మరొకసారి చూడండి. 1901 నుంచి తెల్లవారికే పరిమితమైన ఈ దేశపు వలస విధానాన్ని హోల్ట్ ప్రభుత్వం సడలించి, చదువుకొన్న ఇతరులకు దారి ఇచ్చినది 1966 మార్చిలో. జాతి ప్రమేయాన్ని విట్లమ్ ప్రభుత్వం పూర్తిగా తొలగించినది 1973 లో. ఆ పెట్టె దుకాణంలో ఉన్ననాడు మనబోటివారు ఇక్కడ కాపురం పెట్టాలంటే తలుపు మూసి ఉన్నది. ఈ మాట విని ఇల్లాలు ఊరకే గుండ్లవైపు చూసి, "అయితే వీటికి మనకన్నా ముందే వీసా దొరికిందన్నమాట" అన్నారు. నూరేళ్ళని అబద్ధమాడిన పెట్టెకన్నా నిజం చెప్పిన పెట్టె వారింట ఇప్పుడు భద్రంగా ఉన్నది.

వైద్యులుగా ఒక హెచ్చరిక. పాత పెట్టెలలో గుండ్లతోపాటు తెల్లని కృత్రిమ మంచు ఉంటే దానిని దులపకండి, ఊదకండి, వాక్యూమ్ పెట్టకండి. 1930, 40 లలో నిప్పంటుకోదని చెప్పి ఆస్బెస్టాస్‌నే మంచుగా అమ్మేవారు. మన పొరుగు కామెలియాలో దశాబ్దాలపాటు ఆస్బెస్టాస్ సిమెంటు ఫ్యాక్టరీ నడిచింది. ఆ నార ఊపిరితిత్తులను ఏమి చేస్తుందో ఈ ప్రాంతపు వైద్యులకు చెప్పనక్కరలేదు. 2003 చివర ఈ దేశం దానిని పూర్తిగా నిషేధించింది. అనుమానముంటే ప్లాస్టిక్ సంచిలో బిగించి కౌన్సిలువారి నడగండి. గుండ్లను తడిగుడ్డతో తుడవవద్దు, రంగు ఊడుతుంది. ఇంటి కప్పు కింద వేసవి వేడిలో పెట్టవద్దు.

చివరగా మన సంగతి. దేశాల పేర్లు మారటం జర్మన్లకే పరిమితం కాదు. మన తాతల పత్రాల మీద మద్రాసు ప్రెసిడెన్సీ అనో, నైజాం రాజ్యమనో ఉంటుంది. తండ్రుల పత్రాల మీద 1953 నాటి ఆంధ్ర రాష్ట్రమో, హైదరాబాదు రాష్ట్రమో, 1956 తర్వాత ఆంధ్ర ప్రదేశో ఉంటుంది. 2014 తర్వాత పుట్టిన మన మేనల్లుళ్ళు కొందరికి తెలంగాణ. ఊరు కదలలేదు, పేరు కదిలింది. మన అమ్మమ్మలు దీనికొక ఉపాయం చేసిపెట్టారు. పెళ్ళికి పెట్టిన బిందె మీద, పళ్ళెం మీద పేరూ తేదీ కొట్టించారు. అందుకే ఆ బిందె ఎవరిదో, ఏనాటిదో ఈనాటికీ ఎవరినీ అడగనక్కరలేదు. గాజు మీద కొట్టించలేము. కనుక ఒక చీటీ మీద ఎవరు కొన్నారు, ఏ ఊళ్ళో, ఏ సంవత్సరం, ఎంతకు అన్న నాలుగు ముక్కలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ వ్రాసి పెట్టెలో వేయండి. దేశం నుంచి తెచ్చుకొన్న వీణకూ, కొండపల్లి బొమ్మకూ, ఇత్తడి కుందికీ కూడా అదే చేయండి. చెప్పగలవారు ఉండగానే వ్రాసుకోవటం మంచిది. పిల్లలు పెద్దవారై ఆ పెట్టె తెరిచిననాడు వారికి భూతద్దంతో పని ఉండదు.