అరటిగెలల నుంచి మంచుకొండ దాకా

స్కీయింగ్ అంటే మనకి జారడమే గుర్తొస్తుంది. లిఫ్టులు రాకముందు మాత్రం అందులో ఎక్కువ భాగం కొండెక్కడమే. నిమిషాల్లో జారిపోయే వాలు కోసం గంటల తరబడి ఎక్కాలి. పసిపిల్లలకి అందులో చోటెక్కడ?

1936 డిసెంబరులో అమెరికాలోని ఐడహోలో సన్ వ్యాలీ రిసార్టు తెరిచింది యూనియన్ పసిఫిక్ రైల్వే. ఛైర్మన్ ఎవరెల్ హారిమన్‌కి కావాల్సింది తన రైళ్ళకి ప్రయాణికులు. ఆ కంపెనీ ఇంజనీరు జేమ్స్ కరన్‌కి ఓడల్లోకి అరటిగెలలు ఎక్కించే యంత్రాలు తెలుసు. తిరిగే తాడుకి గెలల కొక్కేల బదులు కుర్చీలు వేలాడదీస్తే? ఆగకుండా కదిలే కుర్చీ మనిషిని క్షేమంగా ఎత్తుకోగలదా అని ఒమాహాలో ట్రక్కు పక్కన కుర్చీ కట్టి పరీక్షించారు. అలా పుట్టింది మొదటి చెయిర్‌లిఫ్ట్.

మొన్న సెలవుల్లో మేం నలుగురం ఒక రిసార్టుకెళ్తే, లిఫ్టు దగ్గరే నలభై నిమిషాల క్యూ. టికెట్లు, అద్దె స్కీలు కలిపి చూస్తే రైల్వేవాళ్ళ లెక్క ఇంకా నడుస్తున్నట్టే ఉంది: ముందు కొండ చూపించు, తర్వాత టికెట్టు అమ్ము. కొనలేనివాళ్ళకి ఆ కొండ ఇప్పటికీ దూరమే. అయినా, ఆ అరటిగెలల యంత్రం లేకపోతే ఆరేళ్ళ మా అమ్మాయి ఆ వాలు పైకి చేరేదే కాదు.