హర్రాజులో తెలుగు అణా

హర్రాజు అన్న మాట మనకు కొత్త కాదు. బాకీ కట్టని వాడి ఇంటికి కోర్టువారు వేసే వేలాన్ని మన పెద్దలు హర్రాజు అనేవారు. అరబ్బీ 'హరాజ్' ఉర్దూ మీదుగా మన ఊళ్ళకు వచ్చి అలా స్థిరపడింది. గల్ఫ్‌లో పాత సామాన్ల బజారుకు నేటికీ అదే పేరు. సిత్రాలో ఉద్యోగం చేసే మనవాళ్ళకు దగ్గరి బజారు ఈసా టౌన్‌ది. సిత్రా దీవి దాటి పడమరగా వెళితే కాసేపట్లో చేరవచ్చు. 2012 జూలైలో అక్కడ అగ్నిప్రమాదం జరిగి వందల దుకాణాలు బూడిదయ్యాయి.

ఈ వ్యాపారం తీరు తెలిస్తేనే అక్కడి వస్తువుల చరిత్ర అర్థమవుతుంది. ఉద్యోగం ముగిసి స్వదేశం వెళ్ళే కుటుంబం ఇల్లు ఖాళీ చేస్తుంది. వ్యాపారి ఒక్కొక్క వస్తువుకీ ధర కట్టడు, ఇల్లంతా కలిపి గుత్తగా ఒక మాట చెబుతాడు. ఫ్రిజ్, మంచం అమ్మితే పెట్టుబడి వచ్చేస్తుంది. ఆ తర్వాత వచ్చేదంతా లాభమే. సొరుగుల అడుగున మిగిలిన చిల్లర నాణేలు, స్టాంపులు, గడియారాలు ఒక పళ్ళెంలోకి చేరతాయి. వాటి బేరం తెలిసినవాడు రావాలి, లేదా నాలాంటి తెలియనివాడు రావాలి!

ఆ పళ్ళేన్ని కాస్త కెలికితే రూపాయలు, అణాలు బయటపడతాయి. ఇవి ఎవరో సెలవు నుంచి తిరిగొస్తూ జేబులో తెచ్చిన మన చిల్లర అనుకుంటాం. కాదు, అవి ఒకప్పుడు అక్కడి డబ్బే. బహ్రెయిన్ ముత్యాలు బొంబాయిలో అమ్ముడయ్యేవి, ఆ దారిన మన రూపాయి ఆ దీవుల్లో చలామణి అయింది. 1932లో చమురు పడింది, 1934లో ఎగుమతి మొదలైంది, 1936లో సిత్రా దగ్గర రిఫైనరీ నడక సాగించింది. ఆ రోజుల్లో అక్కడ జీతమైనా, అంగట్లో బేరమైనా రూపాయల్లోనే!

తపాలా కథా అంతే. 1884లో బహ్రెయిన్‌లో భారత తపాలా కార్యాలయం తెరిచారు. 1933 నుంచి మన స్టాంపుల మీదే 'బహ్రెయిన్' అని ఇంగ్లీషులో అదనంగా అచ్చువేసి వాడారు. 1948లో తపాలా బ్రిటిష్‌వారి చేతికి పోయింది. అప్పుడు వచ్చిన స్టాంపులు ఇంకా తమాషా: బొమ్మ లండన్ రాజుగారిది, దాని మీద కొట్టిన విలువ మాత్రం అణాల్లో.

ఇక 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసమే వేరే నోట్లు వేసింది. కారణం బంగారం. దొంగ బంగారానికి చెల్లించిన రూపాయలు గల్ఫ్ చేరి, అక్కడి నుంచి తిరిగొచ్చి మన విదేశీ మారక ద్రవ్యాన్ని ఖాళీ చేస్తున్నాయి. అందుకని గల్ఫ్ నోటుకు రంగు మార్చారు, వరుస సంఖ్య ముందు 'జడ్' అక్షరం పెట్టారు. మన పది రూపాయల నోటు ఊదా అయితే, అక్కడిది ఎరుపు. 1965లో బహ్రెయిన్ దినార్ వచ్చింది, పది రూపాయలకు ఒక దినార్ లెక్కన మార్చారు. తిరిగి ఇవ్వకుండా మిగిలిన నోట్లు తక్కువ కనుకనే ఈరోజు వాటికి అంత ధర. హర్రాజు పళ్ళెంలో అవి దొరుకుతాయని ఆశ పెట్టుకోకండి. అమ్మేవాడికి మనకన్నా బాగా తెలుసు.

కానీ అణా దొరుకుతుంది. ఐదో జార్జి కాలంలో 1912 నుంచి 1936 దాకా ముద్రించిన నికెల్ అణా అంచు అలలలుగా ఉంటుంది. దాని వెనకవైపు చూడండి. ఇంగ్లీషుతో పాటు ఉర్దూ, నాగరి, బెంగాలీ, తెలుగు లిపుల్లో విలువ రాసి ఉంటుంది. దక్షిణాది లిపుల్లో చోటు దక్కింది తెలుగుకే. (తమిళ మిత్రులకు చూపించి కాసేపు ఏడిపించవచ్చు.) అంటే మనం వీసా స్టాంపు వేయించుకుని బహ్రెయిన్‌లో దిగడానికి ఎంతో ముందే, ముత్యాల వర్తకుల చేతుల్లో మన అక్షరాలు మారుతున్నాయన్నమాట. ఎంతమంది చదివారో గానీ, చెల్లుబాటుకు లోటు రాలేదు.

నాకు బాధ కలిగించేది ఈ బజారులో కాగితానికి జరిగే అన్యాయం. స్టాంపు కత్తిరించుకుని కవరు పారేస్తారు. బహ్రెయిన్ ముద్రతో, తేదీతో, ఏ గుంటూరు జిల్లా చిరునామాతోనో ఉన్న నిండు కవరు విడి స్టాంపు కన్నా విలువైనది. సేకరించేవాడికి ధర ఎక్కువ, మనకు చరిత్ర ఎక్కువ. జీతం చీటీలు, మనియార్డరు రసీదులు ఫ్రిజ్‌తో పాటు గుత్తకు పోతే ఎవరు ఎప్పుడు ఎంతకు పనిచేశారో ఇక చెప్పేవారుండరు. గల్ఫ్‌లో ఇల్లు ఖాళీ చేసే తెలుగువారు వ్యాపారిని పిలిచేముందు సొరుగులు ఒకసారి చూసుకోవాలి.

కొనేవారికి రెండు మాటలు. చింతపండుతో తోమి నాణేన్ని మెరిపించకండి, పాతదనంతో పాటు ధర కూడా పోతుంది. రామదర్బారు బొమ్మతో 1818 అని ఉన్న 'కంపెనీ' రాగి బిళ్ళలు భక్తుల కోసం తర్వాత చేసినవే, టంకశాల నాణేలు కావు. వాటికి బియ్యాన్ని లాగే శక్తి ఉందని 'రైస్ పుల్లింగ్' పేరుతో మన జిల్లాల్లో ఎన్ని మోసాలు జరిగాయో పేపర్లలో చదివే ఉంటారు. ఇంకొకటి: 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణేలను భారతదేశం నుంచి మనంతట మనం బయటికి తీసుకుపోకూడదు. 1912 నాటి అణా ఆ లెక్కలోకి వచ్చేసింది. సెలవుకు వెళ్ళినప్పుడు తాతగారి నాణేల డబ్బాను తాతగారింట్లోనే ఉంచి, ఫోటోలు తీసుకుని రండి.