పుండును చూచి పేరు చెప్పుట

సుఖవ్యాధులలో పెక్కింటి జాడ మొదట చర్మముమీదనే కనబడును. అయినను ఏ పుండు ఏ వ్యాధిదో చూచి చెప్పుట వైద్యులకు ఎన్నడును సులభము కాలేదు.

సవాయి వ్యాధిని 16వ శతాబ్దమున భావమిశ్రుడు ఫిరంగ రోగమనెను. ఫిరంగులు, అనగా ఐరోపావారు, తెచ్చినదని భావము. ఐరోపాలో ఇటలీవారు దానిని ఫ్రెంచి వ్యాధి యనిరి, ఫ్రెంచివారు నేపుల్సు వ్యాధి యనిరి. నింద పొరుగువానిపై వేయుట సులభమే. వ్యాధిని గుర్తించుటయే కష్టమయ్యెను.

1767లో లండను శస్త్రవైద్యుడు జాన్ హంటర్ సెగవ్యాధి రోగి చీమును కత్తిమొనతో ఎక్కించి చూచెను. ఎక్కించినది తనకో, మరొకరికో నేటికిని వివాదమే. అక్కడ సవాయి పుండు లేచినది. ఆ రోగికి రెండు వ్యాధులును ఉండియుండవచ్చునని ఆయనకు తోచలేదు. రెండును ఒక్కటే యని 1786లో గ్రంథము వ్రాసెను. 1793లో బెంజమిన్ బెల్ కాదన్నను, 1838లో పారిసులో ఫిలిప్ రికోర్ వానిని వేరుచేసి చూపువరకు చాలమంది హంటరు మాటనే పట్టుకొనియుండిరి.

చిక్కు విడినది సూక్ష్మదర్శినివలన. 1905 మార్చి 3న బెర్లినులోని షారిటే ఆసుపత్రిలో చర్మవైద్యుడు హాఫ్మన్ తెచ్చిన రోగి స్రావమున, జంతుశాస్త్రజ్ఞుడు షౌడిన్ మెలితిరిగిన సన్నని పాలిపోయిన క్రిమిని చూచెను. ఆ యేడే, అప్పటికి ఆంధ్ర జిల్లాలకును ముఖ్యపట్టణమైన చెన్నపట్టణములో, చార్లెస్ డోనోవన్ మరొక జాతి పుండులో వేరొక సూక్ష్మజీవిని కనుగొనెను. మరుసటి యేడు వాసర్‌మన్ రక్తపరీక్ష వచ్చినది. అప్పటినుండి కన్ను అనుమానించుటకు, పరీక్ష తేల్చుటకు అయినవి.

ఇప్పుడు కృత్రిమ మేధ మరల పైచర్మమునే చూచుచున్నది. కంప్యూటరుకు లక్షణములు వల్లెవేయించరు. వ్యాధి పేరు తగిలించిన ఫోటోలు వేలకొలది చూపుదురు. తప్పినప్పుడెల్ల అది తన లోపలి లెక్కలను సరిదిద్దుకొనును. 2022లో ఎంపాక్సు అనేక దేశములలో వ్యాపించినపుడు, పలువురికి పొక్కులు గుహ్యావయవములపై లేచి, సవాయిగాను హెర్పిస్‌గాను పొరబడుట జరిగినది. 2023లో, ఆ షారిటే ఆసుపత్రివారే స్టాన్‌ఫర్డు పరిశోధకులతో కలిసి, 1,39,198 చర్మచిత్రములతో ఒక యంత్రమును తీర్చిదిద్దిరి. వానిలో ఎంపాక్సు చిత్రములు 676 మాత్రమే. పరీక్షలో అది నూటికి 91 ఎంపాక్సు పొక్కులను గుర్తించినది. ఎంపాక్సు కానివానిలో సుమారు పదింటిని ఎంపాక్సనినది.

ఇది తక్కువ పని కాదు. సిగ్గుచేత వైద్యునికి చూపనివాడు చీకటిలో ఫోను కెమెరాకు చూపవచ్చును. ఆ ఫోటో ఎవరి చేతికి పోవునన్నది వేరొక భయము. చర్మచిత్రముల సంపుటములలో తెల్లని చర్మమే హెచ్చు. నల్లని మేనిపై ఎఱుపు ఎఱుపుగా కనబడదు. హంటరు రోగివలె రెండు వ్యాధులున్నవానికి ఒకే పేరు చెప్పుటయు కలదు.

అన్నిటికంటె సవాయి పుండు గడ్డుది. అది నొప్పి పెట్టదు, మందు లేకయే కొన్ని వారములలో మానిపోవును. ఆ లోపల యంత్రము భయము లేదనినచో రోగి ఆసుపత్రికి పోడు. పుండు మానిన తరువాత ఫోటోలో చూచుటకు ఏమియు నుండదు. క్రిమి మాత్రము లోపలనే యుండును, దాని జాడ రక్తపరీక్షకే దొరకును.