పుంటికూర చెప్పే చరిత్ర



చరిత్ర అనగానే మనకు రాజులు, కోటలు, యుద్ధాలు గుర్తుకొస్తాయి. పరీక్షల ముందు పిల్లల చేత తేదీలు వల్లె వేయించడం గుర్తుకొస్తుంది. "మనకెందుకులే ఆ గొడవ" అనుకుంటాం. కాని ఒక్కసారి మీ వంటింట్లోకి వెళ్ళి చూడండి. కాళ్ళ కింద పరిచినది షాబాదు బండో, తాండూరు బండో అయి ఉండవచ్చు. డబ్బాలో పోసి పెట్టుకున్న కందిపప్పు కూడా ఆ నేల మీద పండిందే కావచ్చు. షాబాదు ఇప్పుడు కర్ణాటకలో ఉంది, తాండూరు తెలంగాణలో ఉంది. కాని రెండు ఊళ్ళ కిందా ఉన్నది ఒకే జాతి సున్నపురాయి. గుల్బర్గా కందిపప్పుకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. తాండూరు కందికి 2022లో వచ్చింది. గుర్తింపు పత్రాలు రెండైనా, పొలాలు మాత్రం ఇరుగు పొరుగువే.

ఈవేళ ఆ తాండూరు, వికారాబాదు ప్రాంతపు వంటింటి మాటలను పట్టుకుని కొంచెం వెనక్కి వెళ్దాం. ఏ పుస్తకాల్లోనూ రాయని సంగతులు కొన్ని ఆ మాటల్లో దాగి ఉన్నాయి.

ముందు ఆ నేల సంగతి చెప్పుకోవాలి. వికారాబాదు పక్కన అనంతగిరి కొండలున్నాయి. హైదరాబాదు నగరం నడుమ పారే మూసీనది అక్కడే పుడుతుంది. ఆ కొండల్లోనే కాగ్నా అనే ఇంకో చిన్న నది కూడా పుడుతుంది. మూసీ తూర్పుకు వస్తే, కాగ్నా పడమటి దారి పట్టి, తాండూరును తాకి, కన్నడ దేశంలోకి పోయి, మాల్ఖేడు పక్కగా పారి భీమానదిలో కలుస్తుంది. మాల్ఖేడంటే మామూలు ఊరు కాదు. వెయ్యేళ్ళకు పూర్వం రాష్ట్రకూట చక్రవర్తుల రాజధాని మాన్యఖేటం అదే. భీమా అయినా, మూసీ అయినా చివరికి చేరేది కృష్ణమ్మ ఒడికే. ఒక తల్లి పిల్లలు చెరో ఇంటికి కోడళ్ళుగా వెళ్ళి, మళ్ళీ పుట్టింటి పండగకు కలుసుకున్నట్టుంది కదూ!

ఇలాంటి నేల మీద ఒకే భాష ఎలా ఉంటుంది చెప్పండి? కరీంనగరం వైపు కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద 10వ శతాబ్దపు శాసనం ఒకటుంది. దాన్ని చెక్కించినవాడు కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు జినవల్లభుడు. అందులో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. చదివేవాళ్ళకు ఆ మూడూ అవసరమే గనక మూడూ చెక్కించి ఉంటాడు. ఆ తరువాత 1347లో గుల్బర్గా బహమనీ సుల్తానుల రాజధాని అయింది, తరువాత బీదరు అయింది. వాళ్ళతో దక్కనీ ఉర్దూ ఈ నేల మీద పాతుకుపోయింది. ఉప్పూ ధాన్యమూ ఎద్దుల మీద మోసుకు తిరిగిన లంబాడీలు తండాలు వేసుకుని తమ భాషనూ, తమ బాటీ రొట్టెనూ వెంట తెచ్చారు. 1874లో నిజాం ప్రభుత్వపు రైలు వాడి నుంచి సికింద్రాబాదుకు వచ్చింది. ఆ దారి మీదివే తాండూరు, వికారాబాదు. వికారాబాదుకు ఆ పేరు పెట్టింది వికారుల్ ఉమరా పేరు మీద. 1893 నుంచి 1901 వరకు హైదరాబాదు ప్రధానమంత్రిగా ఉన్న ప్రభువు ఆయన. తరువాత వికారాబాదు నుంచే బీదరు మీదుగా మరాఠీ దేశంలోని పర్లీకి ఇంకో రైలుదారి వేశారు. దాంతో ఆ ఊరు మూడు భాషల కూడలి అయింది.

ఇక 1956 సంగతి. ఆ ఏడు నవంబరు 1న భాషల లెక్కన రాష్ట్రాలను విడదీశారు. అప్పటిదాకా గుల్బర్గా జిల్లాలో ఉన్న తాండూరు తాలూకాను తెచ్చి హైదరాబాదు జిల్లాలో కలిపారు. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడితే తాండూరు అందులోకి వచ్చింది. 2014లో తెలంగాణ వచ్చింది. 2016లో వికారాబాదు జిల్లా వచ్చింది. అంటే తాండూరులో ఒక ముసలమ్మ, కట్టుకున్న ఇంటి నుంచి కాలు బయట పెట్టకుండానే, మూడు రాష్ట్రాలూ నాలుగు జిల్లాలూ చూసిందన్నమాట! కచేరీ పటంలో గీతలు మారాయి గాని, ఆమె పెనం మీది జొన్నరొట్టె మారలేదు. పటం గీసినవాళ్ళకు భాష అంటే ఒక గీత. మన ఆడవాళ్ళకు మాత్రం అది ఇంట్లోకి వచ్చిన కోడలి మాట, పక్కింటి పిన్నిగారి మాట, సంతలో కూరలమ్మి మాట.

ఆ మాటల్లో ఒక్కటి చూద్దాం. కోస్తాలో గోంగూర అంటారు. తెలంగాణలో దాన్ని పుంటికూర అంటారు. పట్నంలో పెరిగిన కొందరు ఈ మాట వింటే నవ్వుతారు, ఏదో పల్లెటూరి యాస అన్నట్టు. కాని సరిహద్దు దాటి కలబురగి వైపు వెళ్ళండి. అక్కడ జొన్నరొట్టెలోకి చేసే ఆ కూరను 'పుండి పల్య' అంటారు. హైదరాబాదు ముస్లింల ఇళ్ళలో అదే ఆకు 'అంబాడా', మరాఠీ ఇళ్ళలో 'అంబాడీ'. ఒకే ఆకుకు రెండు జంటల పేర్లు! పుంటి, పుండి ఒక జంట. అంబాడా, అంబాడీ ఒక జంట. పుంటికూర అనే ఆవిడ తప్పు మాట్లాడటం లేదు. తన చుట్టుపక్కల నాలుగు భాషల చుట్టరికాన్ని ఆమె నోట నిలుపుకుంటోంది.

ఉల్లిపాయ సంగతీ అంతే. తెలంగాణలో ఉల్లిగడ్డ అంటారు. కలబురగి వైపు ఉళ్ళాగడ్డి అంటారు. అదే బెంగుళూరు వెళ్తే ఈరుళ్ళి. అంటే ఉల్లిగడ్డ విషయంలో తాండూరు ఇల్లాలికి బెంగుళూరు కన్నడమే దూరం, కలబురగి కన్నడం పొరుగు! వెల్లుల్లి అన్న మాటను విడదీసి చూడండి. వెల్ అంటే తెలుపు, వెల్లుల్లి అంటే తెల్ల ఉల్లి. కన్నడంలో అదే బెళ్ళుళ్ళి. మన 'వ' వాళ్ళకు 'బ' అయిందన్నమాట. అందుకే మన వెన్న వాళ్ళకు బెణ్ణె, మన వేప వాళ్ళకు బేవు.

ఇంకొక తమాషా ఉంది. సుమారు వెయ్యేళ్ళ కిందట మొదలై, కన్నడంలో మాట మొదట ఉన్న 'ప' చాలాచోట్ల 'హ'గా మారింది. మన పాలు వాళ్ళకు హాలు. మన పువ్వు వాళ్ళకు హూవు. మన పులుపు వాళ్ళకు హుళి. ఇది తెలిస్తే మీకొక తాళంచెవి దొరికినట్టే. దాన్ని తీసుకుని పండగనాటి భక్ష్యాల దగ్గరకు వెళ్దాం. తెలంగాణలో కొన్నిచోట్ల వాటిని పోలెలు అంటారు. మరాఠీలో పోళీ. కన్నడంలో హోళిగె. మొదటి 'ప'ను 'హ' చేసి చూడండి, పేరు బయటపడుతుంది. లోపల పెట్టే పూర్ణం మరాఠీలో పురణ్, కన్నడంలో హూరణ. కోస్తావాళ్ళ బొబ్బట్టుకు కూడా చుట్టం లేకపోలేదు. మైసూరు వైపు దాన్నే ఒబ్బట్టు అంటారు. పేర్లు ఎన్నయినా, చేసే తీరు ఒక్కటే. పప్పు ఉడికించి, బెల్లం కలిపి, మెత్తగా నూరి, పిండిలో పెట్టి వత్తడమే.

పప్పు ఉడికే తీరు కూడా చూడండి. మనం కందిపప్పు మెత్తగా ఉడికించి, చింతపండు పులుసు పోసి పప్పుచారు కాస్తాం. హైదరాబాదు ముస్లింల ఇళ్ళలో అదే కందిపప్పుకు అదే చింతపండు పోసి 'ఖట్టీ దాల్' అంటారు. కడపట మనం పోపు పెడతాం, కొందరం తాలింపు అంటాం. కన్నడం ఆవిడ ఒగ్గరణె వేస్తుంది. మరాఠీ ఆవిడ ఫోడణీ వేస్తుంది. ఉర్దూ ఆవిడ బగార్ ఇస్తుంది. ఆవాలు, జీలకర్ర చిటపటమనే చప్పుడు మాత్రం ఏ భాషలోనైనా ఒకటే! ఆ బగార్ నుంచే మన పెళ్ళిళ్ళలో ఇష్టంగా తినే బగారన్నం పేరు వచ్చింది. తెలంగాణ పల్లెలో బగారన్నం వండే ఇల్లాలు తాను ఉర్దూ మాట వాడుతున్నానని అనుకోదు. ఆ మాట ఎప్పుడో ఆమెది అయిపోయింది.

ఇంతకీ మన వంటలో 'అచ్చంగా మనదే' ఏది? ఈ ప్రశ్న వేసుకుంటే ఇంకా ఆశ్చర్యం కలుగుతుంది. మనకు తాతముత్తాతల నాటిది అనుకునే జొన్న పుట్టిల్లు ఆఫ్రికా. సుమారు నాలుగు వేల ఏళ్ళ కిందట మన దేశానికి వచ్చింది. కంది పుట్టింది మన దేశంలోనే. అది మనకు జొన్న ఇచ్చిన ఆఫ్రికాకే వెళ్ళింది! బానిసలుగా పట్టి ఓడల్లో తరలించిన ఆఫ్రికా ప్రజలతోపాటు అక్కణ్ణుంచి వెస్టిండీస్ దీవులకు చేరింది. ప్యూర్టోరికోలో ఇప్పటికీ పండగనాడు అన్నంలో కందికాయ గింజలు వేసి వండుతారు. ఆ గింజలను 'గండూలే' అంటారు. వినగానే "అరె, మన కందులే!" అనిపిస్తుంది. కాని ఆ మాట ఆఫ్రికాలోని కాంగో ప్రాంతపు భాషల నుంచి వచ్చిందని భాషావేత్తలు చెబుతారు. పోలిక కనిపించిన ప్రతిచోటా చుట్టరికం ఉండదు సుమా! విచారించి చూసుకోవాలి.

మిరపకాయ కూడా మన పుట్టింటిది కాదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు అమెరికా ఖండం నుంచి వచ్చిన ఆ కాయను మన తీరానికి తెచ్చారు. అప్పటిదాకా మన పప్పుకూ పులుసుకూ కారం మిరియాలదే. కొత్త కాయకు పేరు కావలసి వచ్చింది. మనవాళ్ళు మిరియం పేరు మీద మిరప అన్నారు. కన్నడంలో మిరియాలు మెణసు. వాళ్ళు కొత్తదాన్ని మెణసినకాయి అన్నారు. రెండు ఇళ్ళలోనూ ఒకే తెలివి! పరాయి పిల్లను కోడలిగా తెచ్చుకుని తాతమ్మ పేరు పెట్టుకున్నట్టుంది.

మరి ఇంత చరిత్ర మనకు ఎందుకు తెలియకుండా పోయింది? కారణం లేకపోలేదు. నిజాం కాలంలో కచేరీల భాష ఉర్దూ. 1918లో స్థాపించిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువు కూడా ఉర్దూలోనే. తరువాత రాష్ట్రాలు విడిపోయాక బడిలో పుస్తకాల తెలుగు వచ్చింది. ఇప్పుడు ఇంగ్లీషు వచ్చింది. కాలానికొక భాష గౌరవం సంపాదించుకుంది గాని, పొయ్యి దగ్గరి మాటను ఎవరూ కాగితం మీద పెట్టలేదు. శిస్తు లెక్కలు రాశారు. పొలం హద్దులు రాశారు. రొట్టెకు పిండి ఎలా పిసకాలో ఎవరు రాశారు? అది తల్లి చేతి నుంచి కూతురి చేతికి, అత్త నోటి నుంచి కోడలి చెవికి వచ్చిందే.

జొన్నరొట్టెనే తీసుకోండి. గోధుమపిండిలో ఉండే జిగురు జొన్నపిండిలో ఉండదు. అందుకే మసలే నీళ్ళు పోసి పిసకాలి. చేతిలోనో, బండ మీదనో తట్టాలి, అంచు చీలకుండా తిప్పాలి. పెనం మీద వేశాక పైన తడిచెయ్యి రాయాలి. ఇది పుస్తకం చూసి ఒక్కరోజులో వచ్చేది కాదు. వేళ్ళకు అలవాటు కావాలి. నువ్వులద్ది కరకరలాడేలా కాల్చి, రోజుల తరబడి నిలవ పెట్టుకునే రొట్టెను ఉత్తర కర్ణాటకలో 'ఖడక్ రొట్టి' అంటారు. ఖడక్ మాట ఒక భాషది, రొట్టె ఇంకొకరిది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. దాంతో పట్నాల్లో జొన్నకు మళ్ళీ మర్యాద వచ్చింది, సంతోషమే. కాని అంగట్లో పొట్లం కొనగలం గాని, తట్టే చెయ్యిని కొనలేం కదా.

పోయేది ఒక్క రొట్టె కాదు. "అత్తమ్మా, పుంటికూర అనకండి, పిల్లలు నేర్చుకుంటారు" అని కోడలు అన్ననాడు, ఆ పెద్దావిడ నోరు మూసుకుంటుంది. ఆమెతోపాటు ఆ ఇంటి పుట్టుపూర్వోత్తరాలు కూడా మౌనం పాటిస్తాయి. ఈ ఇంటి అమ్మాయిలు ఏ ఊళ్ళ నుంచి వచ్చారు, ఏ భాషల మధ్య మెలిగారు, ఎవరితో ఉప్పూ పప్పూ బదులు ఇచ్చిపుచ్చుకున్నారు? వంశవృక్షంలో మగవాళ్ళ పేర్లే ఉంటాయి. ఆడవాళ్ళ ఊళ్ళు తెలియాలంటే వాళ్ళ కూరల పేర్లు వినాల్సిందే.

కాబట్టి నాదొక మనవి. పాల లెక్క రాసుకునే నోటుపుస్తకం లాంటిదే ఇంకొకటి తీసుకోండి. ఇంట్లో పెద్దావిణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె అనే మాట ఆమె అన్నట్టే రాయండి, దిద్దకండి. ఈ వంట ఎవరు నేర్పారు, ఆవిడది ఏ ఊరు, దీన్ని పుట్టింట్లో ఏమనేవారు అని అడగండి. పక్కింట్లో కన్నడం వాళ్ళో, మరాఠీ వాళ్ళో, ఉర్దూ వాళ్ళో ఉంటే, గిన్నెడు కూర ఇచ్చి "మీరు దీన్నేమంటారు?" అని ఒక్క మాట అడిగి చూడండి. ఆ గిన్నె ఎలాగూ ఖాళీగా తిరిగి రాదు. దాంతోపాటు వచ్చే మాటను కూడా రాసి పెట్టుకోండి. రేపు మీ మనవరాలు ఏ దేశంలో ఉన్నా, "మేమెవరం?" అని ఆమెకు అనిపించిన రోజున చేతికి అందేది ఆ పుస్తకమే.