ఉప్పు, బెల్లం, తండా

కిందటి సంక్రాంతికి అమెరికా నుంచి వచ్చిన మా చెల్లెలి బిడ్డ జనగామలో మా వంటింట్లో ఒక మిఠాయి చేసింది. సాల్టెడ్ క్యారమెల్ అట. చక్కెరను నీళ్లు పోయకుండా మూకుడులో కరిగించి, తేనె రంగు దాటి ఇటుక రంగుకు వచ్చేదాకా ఆగి, వేడి మీగడా వెన్నా కలిపి, మళ్లీ దగ్గరపడేదాకా ఉడికించి, దొడ్డుప్పు చల్లి పళ్లెంలో పోసి ఆరబెట్టడం. ఆరాక ముక్కలు కోసి కాగితాల్లో చుట్టడం. దానికి థర్మామీటర్ కావాలని పట్టుపట్టింది. 118 డిగ్రీలు దాటాక, 120 దాటకముందే దించెయ్యాలట. మా ఇంట్లో ఉన్నది జ్వరం చూసుకునే థర్మామీటర్ ఒక్కటే.

ఎనభై దాటిన మా అమ్మ కుర్చీలోంచి లేవకుండానే, "గిన్నెల సల్లటి నీళ్లు పెట్టుకో బిడ్డా. ఒక్క సుక్క ఏసి సూడు. వేళ్ల నడుమ ఉండ కడితే దించు" అంది.

ఉండపాకం. థర్మామీటర్లు రాకముందు ఐరోపా మిఠాయి వాళ్లు కూడా నీళ్ల గిన్నెతోనే పాకం చూసుకునేవారు. అమ్మ వేళ్లకు తెలిసిన ఉండ, పుస్తకంలోని 118 డిగ్రీలు ఒకటే. ఆ రోజు కూడా అమ్మ మాటతోనే మిఠాయి కుదిరింది.

దాన్ని నోట్లో వేసుకుంటే నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. మా నాయినమ్మ పల్లిపట్టీల పాకంలో చిటికెడు ఉప్పు వేసేది. "తీపికి నోరు మొద్దువారకుండ" అనేది. కానీ ఈ మిఠాయికి ఒక కర్త ఉన్నాడు. ఫ్రాన్సులో బ్రిటనీ ప్రాంతంలోని కీబెరాన్ అనే ఊళ్లో ఆన్రి ల రూ అనే మిఠాయి వ్యాపారి 1977లో తయారుచేశాడని రాస్తారు. ఆయన వాడింది తన ప్రాంతపు ఉప్పు వెన్న. ఫ్రాన్సులో చాలా చోట్ల రాజులు ఉప్పు మీద గాబెల్ అనే పన్ను పిండుకుంటుంటే బ్రిటనీకి మినహాయింపు ఉండేది. అందుకని అక్కడ వెన్నలో ఉప్పు కలుపుకోవడం మామూలు అలవాటైంది. ఆ వెన్నను తరతరాలుగా చిలికిన ఆడవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. ఇది ఈ పత్రిక చదివేవాళ్లకు తెలియని సంగతి కాదు, విసిగించను.

నన్ను పట్టుకున్నది వేరే ప్రశ్న. సముద్రం లేని మా జనగామకు, మానుకోటకు, భూపాలపల్లి అడవులకు ఉప్పు ఎట్లా వచ్చింది?

ఎద్దుల మీద వచ్చింది. రైలు రాకముందు కోస్తా నుంచి నిజాం రాజ్యంలోకి ఉప్పు మోసుకొచ్చినవాళ్లలో లంబాడీలు ముఖ్యులు. వందల వేల ఎద్దుల మీద గోనెలు వేసి ఉప్పు తెచ్చి, ఇక్కడి నుంచి ధాన్యం, పత్తి కిందికి తీసుకుపోయేవారు. లవణం అన్న మాట నుంచే లంబాడీ అన్న పేరు వచ్చిందని కొందరంటారు. తండా అంటే మనకిప్పుడు ఊరి చివరి గుడిసెలు గుర్తొస్తాయి గానీ, ఆ మాటకు మొదటి అర్థం నడిచే బిడారు. అందులో మగవాళ్లు మాత్రమే లేరు. కుటుంబాలకు కుటుంబాలే నడిచేవి. దారిలోనే కాన్పులు, దారిలోనే వంటలు. చరిత్ర పుస్తకాలు 'వర్తక బృందాలు' అని రాసినప్పుడు, ఆ బృందానికి రోజూ రెండుపూటలా పొయ్యి రాజేసిందెవరో మాత్రం రాయవు.

రైలు వచ్చింది. 1886లో వరంగల్‌కు, 1889 నాటికి మానుకోట మీదుగా బెజవాడకు. గూడ్సు పెట్టె ముందు ఎద్దు నిలవలేదు. అంతకుముందే 1871లో బ్రిటిష్‌వాళ్లు చేసిన నేరస్థ జాతుల చట్టం, తిరిగే జనాలందరినీ అనుమానంగా చూడటం నేర్పింది. ఉప్పు బిడారు ఆగిన చోట తండా అయింది. ఇప్పటి మహబూబాబాద్ జిల్లా నిండా తండాలే. ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబరు 11న వరంగల్ నుంచి విడిపోయినవే. మా తరానికి మాత్రం అంతా ఓరుగల్లే.

ఇక తీపి. మా వైపు తీపి అంటే బెల్లం. బతుకమ్మ మలీదలో బెల్లం, అరిసెల్లో బెల్లం. మేడారం జాతరలో అయితే దాన్ని బెల్లం అని కూడా అనరు, బంగారం అంటారు. రెండేళ్లకోసారి మాఘంలో, మనిషి ఎత్తు బెల్లం తూచి సమ్మక్క సారలమ్మలకు మొక్కు చెల్లిస్తారు. రాజుతో తలపడిన కోయ ఆడబిడ్డలకు ఇచ్చే బంగారం అది. మేడారం 2019లో ములుగు జిల్లా ఏర్పడేదాకా భూపాలపల్లిలో ఉండేది.

అదే బెల్లాన్ని కుండలో వేసి పులియబెడితే గుడుంబా. దానికి నల్లబెల్లం, పటిక కావాలి. అక్కడికి రాగానే బంగారం కాస్తా సరుకుగా, సాక్ష్యంగా, కేసుగా మారిపోతుంది. నల్లబెల్లం అమ్మడమే నేరమా, సారా కోసమని తెలిసి అమ్మితేనే నేరమా అన్న తగాదా హైకోర్టు దాకా పోయింది. 2024 జాతరలో బెల్లం కొనే భక్తుల ఆధార్ వివరాలు రాసుకోమని ఆబ్కారీ శాఖ వ్యాపారులకు చెప్పింది. అమ్మవారికి బంగారం పెట్టాలన్నా ముందు నువ్వెవరో రుజువు చేసుకోవాలి.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. 2000 తర్వాత కొన్నేళ్లు మానుకోటలో ఇంటర్ పిల్లలకు చరిత్ర చెప్పాను. ఒక తండా అమ్మాయి రెండు వారాలు కనిపించలేదు. వచ్చాక అడిగితే, "అమ్మ మీద కేసయింది మేడం" అంది. గుడుంబా. నేను క్లాసు అందరి ముందూ, "చదువుకుంటున్నదానివి, మీ అమ్మకు నువ్వన్నా చెప్పొద్దా?" అన్నాను. తల వంచుకుని కూర్చుంది.

ఆ మాట నా నోటికి అంత తేలిగ్గా రావడానికి కారణం ఉంది. మేం 1992 సారా వ్యతిరేక ఉద్యమం చూసి ఉప్పొంగినవాళ్లం. దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారని విన్నప్పుడు ఏడ్చాను కూడా. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో దాని సడలింపు. ఈ తేదీలన్నీ మాకు కంఠస్థం. తాగి చచ్చిన మొగుళ్లు, తన్నులు తిన్న ఆడవాళ్లు మాకు తెలుసు. ఇప్పటికీ ఆ ఉద్యమం తప్పని అనను. కానీ కుండ పగలగొట్టిన ఆడవాళ్ల గురించి రాసినంత, ఆ కుండ కింద మంట పెట్టిన ఆడవాళ్ల గురించి మేం రాయలేదు. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, వింటే ఎవరి నోటి నుంచైనా చరిత్ర వస్తుందని నేర్చుకున్నాం. నేనేమో ఆ అమ్మాయిని అడిగాను గానీ వినలేదు.

చాలా ఏళ్ల తర్వాత, తను టీచరయ్యాక, తనే చెప్పింది. వర్షాల్లేక చేను ఎండిన ఏడు, సేఠ్ అప్పుగా నల్లబెల్లం ఇచ్చేవాడట, సారా అమ్మిన పైసలతో తీర్చుకునేవాడట. పట్టుబడితే జైలుకు పోయేది అమ్మ. "నా ఇంటర్ పరీక్ష ఫీజు ఆ బెల్లం పైసలే మేడం." అదే అమ్మ సేవాలాల్ జయంతికి భోగ్ కోసం బెల్లం పాకం పడుతుంది. ఆ పాకానికీ ఈ కుండకూ బెల్లం ఒకటే, చెయ్యీ ఒకటే.

చెల్లెలి బిడ్డ రెండోసారి చక్కెర బదులు బెల్లంతో చేద్దామంది. మీగడ పోయగానే విరిగిపోయింది. బెల్లంలో పులుపు ఉంటుంది, వేడి మీద పాలు విరుగుతాయి. పరమాన్నం దించాకే బెల్లం వెయ్యాలని తెలిసిన దాన్ని, నాకే తట్టలేదు. మూడోసారి బెల్లాన్ని ముందు వెన్నలో కరిగించి, చిటికెడు వంటసోడా వేసి, సన్న మంట మీద మీగడ పోశాం. ఈసారి విరగలేదు. కొంచెం జిగట ఎక్కువ, రంగు నలుపు. నాకు మొదటిదానికంటే ఇదే నచ్చింది.

పండుగకు మా ఇంటికొచ్చిన ఆ పాత విద్యార్థి వాళ్ల అమ్మ కోసం నాలుగు ముక్కలు కాగితంలో చుట్టుకుని తీసుకుపోయింది. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, ఉప్పు కొంచెం ఎక్కువైందని అమ్మ అన్నదని చెప్పింది. తర్వాత కాసేపాగి, "బెల్లం ఏడ కొన్నరని అడుగుతుంది మేడం" అంది.

జనగామ బజారులోనే, ఐదు కిలోలు అన్నాను. నన్ను ఎవరూ పేరడగలేదు.